ఇంగ్లీష్ గ్రామర్ రూల్ ముందు చెప్పాలా, ఉదాహరణ ముందా? చదువుకునేటప్పుడు మీకు ఏది ఎక్కిందో చెప్పండి

పొదిలి అమ్మాయి:

అందరికీ నమస్తే. నేను బీఈడీ రెండో సంవత్సరం, నా మెథడ్ ఇంగ్లీష్. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ నడుస్తా ఉంది, పొదిలికి దగ్గర్లో ఒక జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి చెప్తున్నా. ఒక విషయంలో నాకు తెగట్లేదు, అందుకే అడుగుతున్నా, టీచర్లని కాదు ముందు చదువుకున్నవాళ్ళని, చదువుకుంటున్నవాళ్ళని.

పోయిన సోమవారం పాసివ్ వాయిస్ చెప్పా. మాకు చెప్పినట్టే చెప్పా. ఆబ్జెక్ట్‌ని ముందుకి తీసుకురావాలి, టెన్స్‌ని బట్టి బీ ఫామ్, అంటే ఈజ్ వాజ్ లాంటిది పెట్టాలి, తర్వాత వీ త్రీ, అంటే ఈటెన్ లాంటి క్రియ మూడో రూపం, తర్వాత బై, చివర్లో సబ్జెక్ట్. రాము ఈట్స్ ఎ మ్యాంగో, ఎ మ్యాంగో ఈజ్ ఈటెన్ బై రాము. పది వాక్యాలు ఇస్తే క్లాసు క్లాసంతా దాదాపు అన్నీ కరెక్టుగా మార్చేశారు, నాకు చాలా సంతోషం వేసింది, అబ్జర్వేషన్‌కి వచ్చిన మేడం కూడా బాగుంది అన్నారు. మర్నాడు స్కూల్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉంది, ది స్కూల్ విల్ బి క్లోజ్డ్ టుమారో అని. ఒక పిల్లోడిని పిలిచి దీని అర్థం ఏంటి నాన్నా అన్నా. స్కూలు రేపు మూస్తుంది మేడం అన్నాడు. ఏం మూస్తుంది అంటే ఆలోచించి, అది రాయలేదు మేడం అన్నాడు. ఇది పాసివ్ కదా నిన్న చెప్పుకున్నాం కదా అన్నా. పక్కన ఉన్న పాప వెంటనే, బై లేదు కదా మేడం, ఇది పాసివ్ ఎట్టా అయిద్ది అంది.

ఆ పాప తప్పేం లేదు. నేను చెప్పిన రూల్‌నే పట్టుకుంది. ఆ రోజు ఇంటికి వచ్చాక చాలాసేపు అదే ఆలోచన.

సెలవు అయ్యాక క్లాసులో తలా ఒక చీటీ ఇచ్చి, పేరు రాయొద్దు, తెలుగులో రాయండి, గ్రామర్ ఎట్టా చెప్తే మీకు బాగుంటుందో రాయండి అన్నా. వచ్చినవి ఉన్నవి ఉన్నట్టు కొన్ని రాస్తా. "రూల్ ముందు చెప్పండి మేడం అప్పుడు భయం ఉండదు." "తెలుగులో చెప్పండి." "తెలుగులో చెప్పొద్దు మాకు ఇంగ్లీషు రావాలి." "కథ చెప్తా మధ్యలో చెప్పండి, గ్రామర్ పీరియడ్ అని వద్దు." "ఆటలు ఆడించండి." "తప్పు రాస్తే నా నోట్సు అందరి ముందు చదవొద్దు." ఇంకొకరు ఒకే ముక్క రాశారు, "ఇది ఎందుకు" అని.

మా మెథడాలజీ పుస్తకంలో వీటన్నిటికీ పేర్లున్నాయి. రూల్ ముందు చెప్పి ఉదాహరణలు ఇస్తే డిడక్టివ్, ఉదాహరణలు చూపించి రూల్ వాళ్ళతోనే పట్టిస్తే ఇండక్టివ్, తెలుగులోకి మార్చుకుంటా చెప్తే గ్రామర్ ట్రాన్స్‌లేషన్, మాట్లాడించడం మీద నడిపితే కమ్యూనికేటివ్. ఒక్కోదానికి లాభాలు నష్టాలు రాయమంటే పరీక్షలో నాలుగు పేజీలు రాస్తా. కానీ బెంచీ మీద కూర్చున్నోళ్ళకి ఏది ఎక్కుతుందో ఆ పుస్తకంలో లేదు. మీకు ఎట్టా చెప్పారు, ఏది ఎక్కింది, ఏది ఎక్కలా, కాస్త వివరంగా రాయండి ప్లీజ్. వచ్చే వారం మళ్ళీ పాసివ్ వాయిసే చెప్తా, ఈసారి వేరేగా.

కావలి తమ్ముడు:

అక్కా నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, నెల్లూరులో హాస్టల్‌లో ఉండా. పదో తరగతి దాకా మా ఊరి స్కూల్లోనే. నా ఓటు రూల్‌కే. ఎందుకో చెప్తా విను, ఎందుకంటే ఈ మధ్య అందరూ రూల్స్ వద్దు రూల్స్ వద్దు అంటా ఉండారు, నాకు అది కరెక్ట్ అనిపించట్లా.

ఉదాహరణలు చూస్తే రూల్ దానంతట అదే తెలిసిపోతుంది అంటారు కదా, అది ఎవరికి తెలుస్తుంది? ఇంట్లో ఇంగ్లీషు వినపడేవాళ్ళకి. మా నాయన రొయ్యల చెరువు కాడ పని చేస్తాడు, మాయమ్మ కూలికి పోతుంది, మా ఇంట్లో ఇంగ్లీషు అంటే మందు సీసా మీద రాసుండేది అంతే. నాకు హీ గో అన్నా హీ గోస్ అన్నా చెవికి ఒకటే. ఏది తప్పో చెవి చెప్పదు. మా సార్ ఎనిమిదిలో ఒక్క ఎస్ గురించి, హీ షీ ఇట్ వస్తే క్రియకి ఎస్ తగిలించాలి అని, రెండు వారాలు చెప్పాడు. రోజూ క్లాసుకి రాగానే ముగ్గుర్ని లేపి మీ అమ్మ పొద్దున్నే ఏం చేస్తుందో అయిదు వాక్యాలు చెప్పమనేవాడు. మై మదర్ గెట్స్ అప్, మై మదర్ స్వీప్స్, మై మదర్ కుక్స్. ఆ ఎస్ మర్చిపోతే కోప్పడేవాడు కాదు, బల్ల మీద చిన్నగా కొట్టేవాడు, మేమే దిద్దుకునేవాళ్ళం. ఈ రోజుకీ ఆ ఎస్ నేను తప్పు రాయను.

రూల్ అంటే నాకు గోడ పట్టుకుని నడిచినట్టు. గోడ లేకపోతే యాడ పడతానో తెలీదు. నడక వచ్చినాక గోడ వదిలేస్తాం అది వేరే సంగతి, కానీ ముందే గోడ తీసేస్తే మా లాంటోళ్ళు నోరు తెరవరు అక్కా. ఆ చీటీలో రూల్ ముందు చెప్తే భయం ఉండదు అని రాసిన పిల్ల ఎవరో గానీ నాకు బాగా అర్థమైంది.

ఇంకోటి, పదో తరగతి పబ్లిక్‌లో వాయిస్ మార్చమంటాడు, రిపోర్టెడ్ స్పీచ్ అడుగుతాడు, ప్రిపోజిషన్లు ఆర్టికల్స్ నింపమంటాడు. ఆ మార్కులు కూడా మాకు కావాలి. అది మర్చిపోవద్దు.

మైపాడు అల:

తమ్ముడూ నువ్వు చెప్పిన సార్ రూల్ ఒక్కటే చెప్పలేదు కదా, రెండు వారాలు అదే వాక్యం మీ నోటితో పలికించాడు, అది కూడా మీ అమ్మ గురించి. అది దొరికింది నీకు. నాకు దొరికింది వేరే.

నేను నెల్లూరులో ఇంగ్లీష్ మీడియంలోనే చదివా, ఫీజులు బాగానే కట్టారు మావాళ్ళు. ఏడో తరగతిలో పన్నెండు టెన్సుల పట్టిక, యాక్టివ్ ఒక వైపు పాసివ్ ఒక వైపు, నెగటివ్, ఇంటరాగేటివ్, అంతా రాత్రి స్టడీ అవర్‌లో బట్టీ. ఐ షల్ హావ్ బీన్ రైటింగ్ అనేది నేను వందసార్లు రాసుంటా, జీవితంలో ఒక్కసారి కూడా వాడే అవసరం రాలా. కానీ డిగ్రీ అయిపోయి చెన్నైలో మొదటి ఇంటర్వ్యూకి పోతే, మీ ఇంట్లో ఎంతమంది అని అడిగితే ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్ అన్నా. ఆవిడ ఏమీ అనలేదు గానీ ఆవిడ మళ్ళీ అడిగేటప్పుడు సో యూ హావ్ టూ సిస్టర్స్ అంది, అప్పుడు తెలిసింది నాకు. పట్టికలో ఐ యామ్ ప్లస్ ఐఎన్‌జీ అని ఉంటుంది, ఏ మాటకి ఐఎన్‌జీ పెట్టకూడదో, హావ్, నో, లైక్, బిలాంగ్ ఇట్లాంటివాటికి, అది ఎవరూ మాకు గట్టిగా చెప్పలా, చెప్పినా పట్టికలో పట్టే చోటు లేదు.

క్వశ్చన్ ట్యాగులు కూడా అంతే. మనకి ఒక్క కదా ఉంది. వచ్చాడు కదా, తిన్నావు కదా, బాగుంది కదా, అన్నిటికీ ఒకటే. ఇంగ్లీషులో ఆ కదా ముందున్న వాక్యాన్ని బట్టి మారిపోతుంది, డిడింట్ హీ, హావింట్ యూ, ఈజింట్ ఇట్. మనోళ్ళు అన్నిటికీ ఈజింట్ ఇట్ అంటారు, ఎందుకంటే మన కదా మారదు కాబట్టి. ఈ ఒక్క ముక్క తెలుగులో చెప్పి ఉంటే నాకు ఒక రోజులో అయిపోయేది, దానికి బదులు పాజిటివ్ అయితే నెగటివ్, నెగటివ్ అయితే పాజిటివ్ అని సూత్రం రాయించారు. సూత్రం తప్పు కాదు. నా బుర్రలో ఏం అడ్డం పడుతుందో అది చెప్పలేదు.

సింగరాయకొండ ప్లాట్‌ఫాం:

నేను డిగ్రీ మూడేళ్ళు సింగరాయకొండ నుంచి ఒంగోలుకి రైల్లో పోయి వచ్చా. ఎవరైనా ఇంగ్లీష్ ఎట్టా నేర్చుకున్నావు అంటే స్టేషన్లో అని చెప్తా, నిజంగానే చెప్తా.

స్టేషన్లో అనౌన్స్‌మెంట్ మూడు భాషల్లో వస్తుంది కదా, తెలుగు, హిందీ, ఇంగ్లీషు. అదే ముక్క, అదే రైలు, మూడుసార్లు. ముందు తెలుగులో అర్థం అయిపోతుంది, తర్వాత ఇంగ్లీషులో వింటావు, ఇంక అర్థం గురించి కంగారు ఉండదు, మాటలు ఎట్టా పేర్చారో దాని మీదే చెవి పెట్టొచ్చు. ఈజ్ అరైవింగ్ షార్ట్‌లీ ఆన్ ప్లాట్‌ఫాం నంబర్ వన్. ఆన్ అంటాడు, ఇన్ అనడు, ఎట్ అనడు. మూడేళ్ళు విన్నాక ప్లాట్‌ఫాం ముందు ఆన్ తప్ప వేరేది పెట్టాలంటే నాకు నోరు తిరగదు. ఈజ్ రన్నింగ్ లేట్ బై థర్టీ మినిట్స్. ఆ బై పాసివ్ బై కాదు, ఎంత తేడా అని చెప్పే బై, ఇది నాకు ఏ క్లాసులోనూ చెప్పలా, రైలు లేటయినందుకు నేర్చుకున్నా. ఇంక చివర్లో ది ఇన్‌కన్వీనియెన్స్ కాజ్డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్ అంటుంది, అది పాసివ్ వాయిస్ అని డిగ్రీ రెండో సంవత్సరంలో ఒక రోజు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగా ఉన్నట్టుండి తట్టింది, ఎవరు రిగ్రెట్ అవుతున్నారో చెప్పట్లేదు కదా అని. రైలు వచ్చేసింది, ఎక్కేశా, కానీ ఆ రోజు రైల్లో కూర్చుని కనిపించిన ప్రతి బోర్డూ చదివా.

అక్కా మీ పాప అడిగింది చూడండి, బై లేదు కదా పాసివ్ ఎట్టా అయిద్ది అని, నేను పదో తరగతిలో అడగాల్సిన ప్రశ్న అది. అడగలా. ఆ పాపకి నా తరఫున ఒక చాక్లెట్ ఇవ్వండి.

నేను రూల్‌కి వ్యతిరేకం కాదు. కానీ నాకు తట్టిన రోజున బుర్రలో ఆ రూల్ ముందే ఉంది కాబట్టి తట్టిందా, లేక వినీ వినీ తట్టిందా అంటే, రెండూ కలిసే అనుకుంటా.

పెన్నా గట్టు:

నేను స్టాఫ్ నర్సుని, మాది గూడూరు దగ్గర. బయట దేశం పోదామని ఐఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాశా, మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చింది. అక్కడ చూసింది చెప్తా, ఈ మాటల్లో ఎవరూ చెప్పలేదు కాబట్టి.

ఆ పరీక్షలో వాయిస్ మార్చండి, టెన్స్ నింపండి అని ఒక్క ప్రశ్న కూడా ఉండదు. కానీ స్పీకింగ్‌కి, రైటింగ్‌కి మార్కులు వేసేటప్పుడు నాలుగు విషయాలు చూస్తారు, అందులో ఒకటి గ్రామరే. స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు, ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడతాడు, నువ్వు మాట్లాడుతుంటే నీ గ్రామర్ ఎన్ని రకాలుగా వస్తుంది, ఎంత తప్పు లేకుండా వస్తుంది అని చూస్తాడు. మొదటిసారి నేను తప్పులు రాకూడదని చిన్న చిన్న వాక్యాలే మాట్లాడా. ఐ లైక్ మై జాబ్. ఇట్ ఈజ్ గుడ్. తప్పు లేదు, మార్కూ లేదు. భయపడి చిన్న వాక్యాల్లో దాక్కుంటే అది కూడా తెలిసిపోతుంది వాళ్ళకి.

రెండోసారికి నెల్లూరులో ఒక చిన్న కోచింగ్, ఇంటి మేడ మీద ఎనిమిది మందిమి. ఆ మేడం మాకు ప్రెజెంట్ పర్ఫెక్ట్ చెప్పిన విధానం నేను మర్చిపోలేను. మేము వార్డులో పేషెంట్లని సిన్స్ హౌ మెనీ డేస్ యూ ఆర్ హావింగ్ పెయిన్ అంటాం, అందరు నర్సులూ అంటారు, డాక్టర్లు కూడా అంటారు. ఎందుకంటే తెలుగులో ఎన్ని రోజుల నుంచి నొప్పి ఉంది అంటాం, ఉంది అంటే ఇప్పుడు ఉంది కాబట్టి ప్రెజెంట్‌లో పెట్టేస్తాం. ఇంగ్లీషులో అప్పుడు మొదలై ఇప్పటిదాకా వస్తే దానికి హావ్ కావాలి, హౌ లాంగ్ హావ్ యూ హాడ్ దిస్ పెయిన్. మేడం ఏమందంటే, మీరు గ్రామర్ పుస్తకం మూసేయండి, మీ నెల్లూరు మాటే వినండి. తిరుపతి ఎప్పుడన్నా పోయుండావా అంటే పోయుండా అంటావు. ఎప్పుడు పోయినావు అంటే పోయిన నెల పోయినా అంటావు. పోయిన నెల పోయుండా అంటావా? మా ఇళ్ళల్లో అనం. అదే ఇంగ్లీషులో ఐ హావ్ బీన్ టు తిరుపతి, ఐ వెంట్ లాస్ట్ మంత్. పోయుండా చూసుండా తినుండా అని నీ నోట్లో వస్తే హావ్, ఉత్త పోయినా చూసినా తిన్నా అని వస్తే పాస్ట్. అన్ని చోట్లా సరిగ్గా అతకదు అని ఆవిడే చెప్పింది, కానీ నూటికి ఎక్కువ చోట్ల అతుకుతుంది, మిగతావి వాడతా వాడతా తెలుస్తాయి అంది. చిన్నప్పటి నుంచి ఉండా అంటే పల్లెటూరి మాట అని సిగ్గుపడేదాన్ని. ఆ రోజు మా ఎనిమిది మందికీ ఒకేసారి అర్థమైంది, ఆ మాటలో గ్రామర్ ఉందని.

అందుకే చెల్లీ, తెలుగు వాడొద్దు అని ఎవరన్నా చెప్తే వినవాకు. క్లాసంతా తెలుగులో చెప్పమని కాదు. అడ్డం పడ్డ చోట ఒక్క మాట తెలుగులో.

మార్కాపురం పలక:

మా పాప ఆరో తరగతి. నేను పదితో ఆపేశా, ఇప్పుడు పాపతో పాటు నేను కూడా చదువుకుంటున్నా. ఎక్కువ రాయలేను, ఒక్కటి చెప్తా మేడం. తప్పు రాస్తే అందరి ముందు చదవొద్దు అని రాసిన చీటీ, అది మా పాప రాసినట్టే ఉంది. పాప నోట్సులో పేజీ నిండా ఎర్ర గీతలు, ఏది ఎందుకు తప్పో మాత్రం యాడా లేదు. అది చూసి పాప మూడు మాటల కంటే పెద్ద వాక్యం రాయడం మానేసింది. పైన నర్సమ్మ చెప్పింది చదివితే నాకు మా పాపే గుర్తొచ్చింది. మీరు ఏ పద్ధతిలో చెప్పినా దిద్దేటప్పుడు నెమ్మదిగా దిద్దండమ్మా.

కనిగిరి మాస్టారు:

చదువుకున్నవాళ్ళని అడిగావు కాబట్టి ఆగాను, ఇంక ఆగలేకపోతున్నా. ఇరవై ఏళ్ళకి పైగా ప్రభుత్వ బడిలో ఇంగ్లీష్ చెప్పా. మార్కాపురం పలక గారు దిద్దడం గురించి అన్నది కూడా మధ్యలో వస్తుంది.

మేము చదువుకునేటప్పుడు స్ట్రక్చరల్ పద్ధతి, గోడకి చార్టు, నిలువుగా గళ్ళు, ఒక్కో గడిలోంచి ఒక్కో మాట తీసి వాక్యం చెయ్యడం. దిస్ ఈజ్ ఎ బుక్, దట్ ఈజ్ ఎ పెన్. అర్థం లేకుండా గంటలు గంటలు పలికాం. పలకడం వచ్చింది, కానీ ఆ వాక్యంతో ఎవరికి ఏం చెప్పాలో తెలీదు. తర్వాత ట్రైనింగ్‌కి హైదరాబాద్ పంపారు, 1958లో పెట్టిన ఇంగ్లీష్ సంస్థ అది, అప్పట్లో సీఫెల్ అనేవాళ్ళం, ఇప్పుడు ఇఫ్లూ. అక్కడ ఇంగ్లీష్ ఎలా నేర్పాలో పరిశోధించిన ఎన్.ఎస్. ప్రభు గారి ప్రయోగం గురించి విన్నా. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు, కడలూరు లాంటి చోట్ల మామూలు బడుల్లోనే జరిగింది. గ్రామర్ పాఠం అనేదే లేదు. రైళ్ళ టైం టేబుల్ ఇచ్చి ఏ రైలెక్కితే ముందు చేరతామో తేల్చమనేవాళ్ళు, మ్యాప్ ఇచ్చి దారి చెప్పమనేవాళ్ళు. ముందు అలాంటి లెక్క ఒకటి టీచరు, క్లాసు కలిసి చేసేవాళ్ళు, తర్వాత అలాంటిదే ఇంకొకటి పిల్లలు సొంతంగా. పిల్లోడి మనసు జవాబు మీద ఉంటే భాష వెనకాలే వస్తుందని ఆయన నమ్మకం. పిల్లోడు తప్పు మాట్లాడితే ఆపి గ్రామర్ పాఠం చెప్పరు, అదే మాట టీచరు సరిగ్గా పలికి ముందుకి పోతాడు. మైపాడు అమ్మాయికి ఇంటర్వ్యూలో ఆవిడ చేసింది చూడు, సో యూ హావ్ టూ సిస్టర్స్ అని, అచ్చం అదే. ఒక్క ఎర్ర గీత లేదు, అన్నేళ్ళు గుర్తుంది.

నేను వచ్చి అలాగే చెయ్యబోయా, సగం పిల్లలు బాగా దూసుకుపోయారు, సగం మంది చివరి దాకా తెలుగులోనే లెక్క తేల్చి జవాబు ఒక్క ముక్క ఇంగ్లీషులో చెప్పారు. వాళ్ళకి కావలి తమ్ముడు చెప్పిన గోడ కావాలి. ఆ అబ్బాయి మాట తేలిగ్గా తీసుకోవద్దు. రూల్ వద్దు అనే మాట ఎక్కువగా ఇంగ్లీష్ వచ్చినవాళ్ళ నోటి నుంచే విన్నా నేను.

ఇప్పుడు నీ పాసివ్ సంగతి. రాము మామిడికాయ తింటాడు అనే వాక్యాన్ని లోకంలో ఎవడూ పాసివ్‌లో చెప్పడు. తిన్నోడు ముఖ్యం అక్కడ. పాసివ్ ఎప్పుడు కావాలి, చేసినోడు ఎవరో తెలీనప్పుడు, తెలిసినా చెప్పక్కర్లేనప్పుడు. మరి మనం తెలుగులో అప్పుడు ఏమంటాం? కరెంటు తీసేశారు అంటాం. రోడ్డు తవ్వేశారు, దొంగని పట్టుకున్నారు, పింఛన్లు ఇచ్చారు. ఎవరు తీశారు, ఎవరు తవ్వారు? చెప్పం. చివర్లో రు ఉంటుంది, ముందు మనిషి ఉండడు. మన నోట్లో అదే పాసివ్. తీయబడింది, తవ్వబడింది అని ఇంట్లో అనం, అందుకే పిల్లలకి ఆ బడు చెప్తే ఇంకా దూరం పోతారు. ముందు మనిషి లేని ఆ రు వాక్యాలు పది వాళ్ళతోనే చెప్పించు, ఊళ్ళో జరిగినవి. అవి ఇంగ్లీషులోకి తీసుకురా. బై ఎక్కడా రాదు, చూడు. బై అనేది ఎవరు చేశారో ప్రత్యేకంగా చెప్పాలనుకున్నప్పుడు తగిలించుకునే తోక. మనం తోకనే ముందు నేర్పిస్తున్నాం.

ఇంటర్వ్యూ, రైలు స్టేషన్, వార్డు, ఈ మూడు పోస్టుల్లోనూ గ్రామర్ ఎక్కింది దాంతో పని పడ్డ చోటే. అట్లాగని బడిలో రూల్ చెప్పడం మానేస్తే ఆ పని పడ్డ రోజు తట్టడానికి లోపల ఏమీ ఉండదు, సింగరాయకొండ అబ్బాయి రెండూ కలిసే అన్నాడు చూడు. రూల్ చెప్పు, కానీ చీటీలో ఇది ఎందుకు అని అడిగిన పిల్లకి ముందు జవాబు చెప్పి అప్పుడు చెప్పు.

పొదిలి అమ్మాయి:

మాస్టారూ, అందరికీ చాలా థ్యాంక్స్. శుక్రవారం, శనివారం చెప్పా. ఏం జరిగిందో రాయకపోతే బాగోదు.

గురువారం పిల్లలకి ఒక పని చెప్పా. ఇంటికి పోయేటప్పుడు దార్లో ఏ బోర్డు మీదైనా బడును అని ఉంటే రాసుకురండి, ఇంట్లో ఫోన్లో ఇంగ్లీష్ మెసేజ్‌లు వస్తాయి కదా, హాజ్ బీన్ అని ఉన్నవి రాసుకురండి అని. బోర్డులు బోలెడు వచ్చాయి. ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును. ఇల్లు అద్దెకు ఇవ్వబడును. ఇచ్చట ఫోటోలు ఫ్రేము కట్టబడును. ఒక పిల్లోడు పచ్చళ్ళ కొట్టు బోర్డు రాసుకొచ్చాడు, దాని మీద ఆర్డరుపై చేయబడును అని ఉంది. మెసేజ్‌లు ఇంకా ఎక్కువ, యువర్ అకౌంట్ హాజ్ బీన్ క్రెడిటెడ్, గ్యాస్ బుకింగ్ హాజ్ బీన్ కన్ఫర్మ్డ్. వాళ్ళమ్మకి వచ్చిన డ్వాక్రా డబ్బుల మెసేజ్ రాసుకొచ్చిన పాప దాని అర్థం ఇంట్లో తనే చెప్పిందంట, ఆ మాట చెప్తుంటే ఆ పిల్ల మొహం చూడాలి.

తర్వాత మాస్టారు చెప్పినట్టు మనిషి లేని వాక్యాలు. కరెంటు తీసేశారు, బోరు వేశారు, జాతరకి పందిరి వేశారు, మా చెట్టు కొట్టేశారు. ఎవరు అని నేను అడగడం, ఎవరో మేడం అని వాళ్ళు అనడం. అప్పుడు బోర్డు మీద అవర్ ట్రీ వాజ్ కట్ డౌన్ అని రాశా. బై గురించి ఎవరు అడిగారు? మొన్న అడిగిన పాపే. కానీ ఈసారి వేరేగా అడిగింది. మేడం, బై లేకుండా ఉండేవే ఎక్కువ ఉన్నాయి కదా, మరి మీరు ఆ రోజు అన్నిటికీ బై ఎందుకు పెట్టించారు అని. నాకు అట్టాగే చెప్పారమ్మా, నేను కూడా ఇప్పుడే తెలుసుకున్నా అని ఉన్నది చెప్పా. చాక్లెట్ ఇచ్చా, సింగరాయకొండ అన్న పంపించాడని చెప్పా.

నోటీసు బోర్డు కాగితం మళ్ళీ చదివించా. స్కూలు రేపు మూస్తారు మేడం, అన్నాడు ఆ పిల్లోడు. రు పెట్టాడు.

అందరికీ ఎక్కిందని చెప్పను. వెనక బెంచీలో ఆరేడుగురు ఇంకా బీ ఫామ్ దగ్గరే ఆగారు, ఈజ్ ఎప్పుడు, వాజ్ ఎప్పుడు అని. వాళ్ళకి సోమవారం మళ్ళీ అదే, మెల్లగా. ఎర్ర పెన్ను మానేశా, పెన్సిల్‌తో తప్పు దగ్గర చుక్క పెడుతున్నా, వాళ్ళే వెతుక్కుని దిద్దుతున్నారు, దొరక్కపోతే నా దగ్గరికి వస్తున్నారు.

వచ్చే వారం రిపోర్టెడ్ స్పీచ్. మనం వస్తానన్నాడు అని వాడన్న మాటని ఉన్నది ఉన్నట్టు అంటాం కదా, ఇంగ్లీషులో ఐ పోయి హీ వస్తుంది, విల్ పోయి వుడ్ వస్తుంది. దీనికి ఊళ్ళో ఏం దొరుకుతుందో ఎవరికన్నా తడితే రాయండి.

కావలి తమ్ముడు:

అక్కా ఒక్కటి అడుగుతా. చివర్లో రూల్ నోట్సులో రాయించావా లేదా? పబ్లిక్‌కి చదువుకోవడానికి వాళ్ళకి అది ఉండాలి.

పొదిలి అమ్మాయి:

రాయించా తమ్ముడూ. వాళ్ళు చెప్తా ఉంటే నేను బోర్డు మీద రాశా, తర్వాత అందరూ నోట్సులో ఎక్కించుకున్నారు. బై గురించి కింద విడిగా ఒక లైను రాయమన్నారు, అదీ రాశా.